కిటికీ దగ్గర పుట్టిన కళ

లోకంలో ఇప్పటికీ మిగిలివున్న తొలి ఫొటో ఒక మేడగది కిటికీలోంచి తీసింది. 1826-27 ప్రాంతంలో, ఫ్రాన్సులోని ఒక పల్లెలో నియెప్స్ అనే ఆయన లోహపు రేకు మీద తారులాంటి పూత పూసి, దాన్ని కెమెరాలో బిగించి కిటికీ దగ్గర పెట్టాడు. గంటల తరబడి ఎండ ఆ రేకు మీద పనిచేసింది. ఈలోగా పొద్దు తూర్పు నుంచి పడమటికి జరిగిపోయింది. అందుకే ఆ బొమ్మలో ఇళ్లకు రెండు వైపులా ఎండ పడి ఉంటుంది. ఒక పగలంతా ఒకే బొమ్మలో! ఇక 1835లో ఇంగ్లండులో టాల్బట్ కాగితం మీద తీసిన నెగటివ్, మనకు దక్కినవాటిలో అతి పాతది. అందులో ఉన్నదీ ఆయన ఇంటి కిటికీయే.

రాజదర్బారులకూ రణరంగాలకూ వెళ్లకముందు కెమెరా ఇంటిపట్టునే ఉండి, కదలకుండా కూర్చుని, గుమ్మం దాటకుండా లోకాన్ని చూసిందన్నమాట. ఇంతకన్నా శుభవార్త ఏముంటుంది నాలాంటివాడికి? మంచం పట్టినవాడికి మిగిలే ఆస్తి కిటికీ. అక్కడే పుట్టింది ఈ కళ.

మాది ఉద్దానం. కొబ్బరి, జీడిమామిడి తోటల సీమ. ఇంతమందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ పూర్తిగా తేలని సీమ. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు డయాలసిస్ మిషను పక్కన పడుకుంటాను. ఎడమచేతిలో ధమనినీ సిరనూ కలిపి కుట్టిన ఫిస్టులా ఉంది. వేలు ఆనిస్తే లోపల నెత్తురు జుమ్మంటూ పలుకుతుంది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, దానికి బీపీ పట్టా చుట్టనివ్వకూడదు. మిషను నడుస్తున్నంతసేపూ అది మిషను సొత్తు. కుడిచెయ్యి మాత్రం నాదే. అందులో ఒక ఫోను పడుతుంది. ఆ ఫోనుకు ఒక కెమెరా ఉంది. నా సరంజామా అంతా ఇంతే.

సూర్యుణ్ణి విడిచి ఎనిమిది నిమిషాలకు పైగా ప్రయాణం చేసి, ఆసుపత్రి కిటికీ అద్దంలోంచి దూరి, నా దుప్పటి ముడతల్లో వాలే నీరెండా, నీకు వెయ్యి దండాలు! నువ్వు మంచం నంబరు చూడవు, రిపోర్టులు అడగవు. ఉదయం షిఫ్టులో మొదటి మంచం దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కరినీ పలకరించుకుంటూ వస్తావు. సెలైన్ సీసాను వెలిగిస్తావు. అటెండెంటు తెచ్చిన స్టీలు క్యారేజీ మూత మీద ఒక్క క్షణం నిలబడి, నేల మీదకు జారతావు. తలతిప్పి చూడాలంటే నాకు భయంగా ఉండే ఆ నెత్తురు గొట్టం నీ వేలు తగలగానే దానిమ్మగింజ రంగులో మెరుస్తుంది. ఫొటో తీశాను. అప్పటినుంచి భయం పోయిందని చెప్పను, భయంతో పాటు చూడాలన్న కోరికా పుట్టింది.

చెక్ దేశంలో యోసెఫ్ సుడెక్ అని ఒక మహానుభావుడు. వృత్తికి బుక్‌బైండరు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచెయ్యి పోయింది. ఒంటిచేత్తోనే బరువైన పాతకాలపు కెమెరాలు మోసుకుంటూ ప్రాగ్ నగరాన్ని ఫొటోలు తీశాడు. నాజీలు ఊరిని ఆక్రమించి, వీధిలో కెమెరా పట్టుకుని తిరగడం కష్టమైనప్పుడు తన స్టూడియో కిటికీకేసి తిరిగాడు. 1940 నుంచి 1954 దాకా ఆ ఒక్క కిటికీ! అద్దం మీద మంచు, అద్దం మీద ఆవిరి, జారిన నీటిచార, అవతల వంకర కొమ్మల చెట్టు. గూట్లో గాజుగ్లాసుతో నీళ్లు పెట్టి వాటినీ తీశాడు. చూసి తనివి తీరనివాడికి ఒక్క కిటికీ చాలునని ఆయన బొమ్మలు చూస్తే తెలుస్తుంది.

ఆ గ్లాసు నీళ్ల విలువ మా డయాలసిస్‌వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? మేం నీళ్లు కొలుచుకుని తాగాలి. ఒంట్లో చేరిన నీరు బయటకు పోయే దారి మిషనే కనుక గుక్కగుక్కకూ లెక్క ఉంది. పొటాషియం ఎక్కువని మామిడిపండుకు కళ్లెం, కొబ్బరినీళ్లు అసలు వద్దు. కొబ్బరితోటల నడుమ పుట్టి కొబ్బరినీళ్లు తాగకూడని బతుకు! అందుకే నా ఫోను నిండా నీళ్లే. చూరు చివర వేలాడే వానచుక్క, మందారం ఆకు మీద దొర్లే బిందువు, అప్పుడే కొట్టిన కొబ్బరిబోండంలో వణికే ఆకాశపు తునక. వేసవిలో బంగినపల్లి పండును కిటికీ గట్టు మీద పెట్టి, ఎండ దాని బుగ్గ మీద పసుపు నుంచి ఎరుపుకు ఎలా మారుతుందో పూటంతా చూశాను. ఇంట్లోవాళ్లు ముక్కలు కోసుకుని తిన్నారు. నా వాటా నేను కంటితో తిన్నాను. రుచి తక్కువేం కాలేదు.

పక్క మంచం ఆవిడ పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. ఒకరోజు, "మేస్టారూ, నా చెయ్యి కూడా ఓపాలి తియ్యండి, ఎలాగుందో సూత్తాను" అంది. జీడిపిక్కల జిడ్డుకు నల్లబడ్డ వేలికొసలు, గట్టిపడ్డ అరచెయ్యి, మోచేతి దగ్గర తాడులా లేచిన నరం. ఫొటో పెద్దది చేసి చూపిస్తే చాలాసేపు చూసుకుంది. "ఇంత పని సేసిందేటి ఈ చెయ్యి!" అంది. ఆ తర్వాతి విడతకు రెండోచేతికి మట్టిగాజులు వేసుకుని వచ్చి, "ఇయ్యాల దీన్ని తియ్యండి" అంది.

అమెరికా ఫొటోగ్రాఫరు యూజీన్ స్మిత్ 1945లో ఒకినావా యుద్ధాన్ని ఫొటోలు తీస్తూ తునకలు తగిలి ముఖం, చెయ్యి ఛిద్రమై, ఆపరేషన్ల మీద ఆపరేషన్లతో నెలల తరబడి కెమెరా ముట్టలేదు. 1946లో మళ్లీ కెమెరా పట్టినప్పుడు తీసింది తన ఇద్దరు పిల్లల్ని. చెట్ల చీకటిలోంచి వెలుగులోకి చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచిపోతున్న పసివాళ్లు. 1955లో న్యూయార్కులో జరిగిన ప్రసిద్ధ ప్రదర్శన 'ది ఫ్యామిలీ ఆఫ్ మ్యాన్'ను ఆ ఫొటోతోనే ముగించారు. నొప్పితో ఉన్న చెయ్యి తీసిన బొమ్మ అది. బొమ్మలో నొప్పి జాడే లేదు!

కెమెరా జబ్బును తగ్గించదు. రక్తంలోని క్రియాటినిన్ దాని మాట వినదు. అది చేసే మేలు ఒకటే, రేపటితో మనకు పని కల్పిస్తుంది. రోగికి రేపు అంటే సూది, తూకం, రక్తపరీక్ష. ఫొటో తీసేవాడికి రేపు అంటే ఈ మబ్బు విడిచాక వచ్చే ఎండ. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా తోటల్ని పడగొట్టింది. తర్వాత నాటిన కొబ్బరి మొక్కల్లో ఒకటి నా కిటికీకి ఎదురుగానే ఉంది. దానికి కొత్త మట్ట విచ్చుకున్నప్పుడల్లా ఒక ఫొటో తీస్తాను. తర్వాతి మట్ట కోసం ఎదురుచూస్తాను. నా ఆశకు ఇంతకన్నా పెద్ద పేరు లేదు, అక్కర్లేదు.

మీ ఇంట్లో ఎన్నాళ్లనుంచో జబ్బుతో ఉన్న మనిషి ఉంటే, ఆ మంచాన్ని వెలుతురు పడేచోటికి జరపండి. ఒక ఫోను చేతికివ్వండి. బొమ్మ బాగుందా లేదా అన్న తీర్పులు మీరు చెప్పక్కర్లేదు. సాయంత్రం ఇంటికి రాగానే "ఒంట్లో ఎలా ఉంది?" అని తర్వాత అడగండి. ముందు "ఇవాళ ఏం తీశావు?" అని అడగండి.