సాక్షికి సాక్షి ఎవరు?

మన దేశంలో నోటరీ కావాలంటే సాధారణంగా కనీసం 10 ఏళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, బీసీలకు 7 ఏళ్లు చాలు. 1956 నాటి నిబంధనల ప్రకారం దరఖాస్తు పెట్టుకుంటే, విచారణ జరిపి, ప్రభుత్వం రిజిస్టరులో పేరెక్కించి, 5 ఏళ్లకు సర్టిఫికెట్ ఇస్తుంది. ఆపైన 5 సెంటీమీటర్ల గుండ్రటి ముద్ర. ఇంత వడపోతా అయ్యాక కూడా, అఫిడవిట్‌లో రాసింది నిజమని నోటరీ చెప్పడు. ఫలానా మనిషి తన ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాడంటాడు, అంతే. మరి ఆ ప్రమాణానికి బలం దేవుడి నుంచి వస్తోందా, ముద్ర నుంచా?

దేవుడి నుంచే అంటే 1969 నాటి ప్రమాణాల చట్టం ఒప్పుకోదు. దేవుడి పేరెత్తకుండా ఆత్మసాక్షిగానూ చెప్పవచ్చు. అసలు ప్రమాణమే చేయించడం మరిచినా నిజం చెప్పాల్సిన బాధ్యత పోదు. ముద్ర నుంచే అందామా? రాజాధికారి సాక్ష్యమున్న పత్రాన్ని ప్రత్యేకంగా లెక్కించిన ప్రాచీన ధర్మశాస్త్రం విష్ణుస్మృతే బలవంతంగా రాయించిన పత్రం చెల్లదంటుంది. నా లెక్కలో బలమంతా ఎదురుపడటంలో ఉంది. కోర్టు బయట చెట్టుకింద, మనిషి మొహం చూడకుండానే ముద్ర గుద్దేస్తారు కదా అనవచ్చు. నిజమే, కానీ ముద్రే సర్వస్వమైతే అలా గుద్దడాన్ని ఎవరూ తప్పనరు, అలాంటి దుష్ప్రవర్తనకు రిజిస్టరులోంచి పేరు కొట్టేయరు. అబద్ధాలకోరు ఎదుట నిలబడి కూడా అబద్ధమాడతాడనేది ఇంకాస్త గట్టి అభ్యంతరం. ఆడతాడు. అయితే ఆ సంతకం నాది కాదని రేపు తప్పించుకోవడం మాత్రం అంత తేలిక కాదు.