తరుసన్నిధి

నాయనా, దేహాన్ని పోషించుకోవడం తప్పు కాదు. దాన్ని నాలుగు గోడల మధ్య బంధించి, అదే పోషణ అనుకోవడం అవివేకం. తెల్లవారింది మొదలు నీ కన్ను చూసేది గోడ, తెర, మళ్లీ గోడ. నిద్ర పట్టదంటావు, కోపం ఆగదంటావు, ఒంట్లో డి విటమిన్ లేదని వైద్యుడు రాసిచ్చిన మాత్రలు మింగుతావు. ఏడాదిలో అధిక భాగం ఎండ కాసే ఈ నేల మీద పుట్టి, ఎండ కరువై మందు కొనుక్కోవలసి రావడం ఎంత విచారకరమో ఆలోచించు.

ఒక వృత్తాంతం చెబుతాను, శ్రద్ధగా విను. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక ఆస్పత్రిలో 1972 నుంచి 1981 దాకా పిత్తాశయానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారి రికార్డులను రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు తిరగేశాడు. అక్కడ కొన్ని గదుల కిటికీల్లోంచి చెట్లు కనబడేవి, కొన్నింటి నుంచి ఇటుక గోడ మాత్రమే కనబడేది. వయసులోనూ అలవాట్లలోనూ సరిపోలే రోగులను 23 జంటలుగా కూర్చి, చెట్టు చూసినవారిని, గోడ చూసినవారిని పోల్చాడు. చెట్టు చూసినవారు సగటున ముప్పాతిక రోజు ముందే ఇల్లు చేరారు. బలమైన నొప్పి మందులు వారికి తక్కువ అవసరమయ్యాయి. ఈ ఫలితం 1984లో సైన్స్ పత్రికలో అచ్చయింది. 46 మంది అంటే చిన్న సంఖ్యే, దాని మీద మహా సిద్ధాంతం కట్టమని నేననను. కాని ఆ రోగులు అడవికి పోలేదు, నడవలేదు, ఏ వ్రతమూ పట్టలేదు. మంచం మీద పడి ఉన్నారు. చెట్టు తన చోట తాను నిలిచి ఉంది, అంతే. దాన్ని అక్కడ ఉంచినవారికి ఈ రోగులెవరో తెలియదు.

కారణమేమని అడుగుతావు. ఉదయపు వెలుగు కంటిలో పడితే మెదడులోని కాలచక్రం సరిపడుతుంది, రాత్రి వేళకు నిద్ర వస్తుంది. ఇక మనసు సంగతి. లెక్కలు చూడడానికి, వాహనాల మధ్య దారి వెతుక్కోవడానికి పట్టుదలగా నిలిపే దృష్టి అలసిపోతుంది. ఆకు కదలిక, నీటి అలికిడి మనల్ని బలవంతపెట్టకుండా ఆకట్టుకుంటాయి కనుక ఆ అలసిన దృష్టికి విశ్రాంతి దొరుకుతుందని మనస్తత్వవేత్తలైన కాప్లన్ దంపతులు ప్రతిపాదించారు. ఇంగ్లండులో సుమారు 20,000 మందిని విచారించి 2019లో ప్రకటించిన పరిశీలనలో, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపినవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ కాలం ఒక్కసారిగా గడిపినా, విడతలుగా గడిపినా భేదం కనబడలేదు. ఆరోగ్యవంతులే ఎక్కువగా బయటికి వెళతారేమో అన్న సందేహం న్యాయమైనదే. అయినా వారానికి రెండు గంటలు బయట గడిపినందువల్ల నీకు పోయేదేమిటి?

పిల్లల విషయంలో మాత్రం ఇంత మెత్తగా చెప్పను. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఒకటో తరగతి పిల్లలకు బడిలో రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే తరగతి పెట్టి మూడేళ్లు గమనించారు. అక్కడ నూటికి సుమారు 30 మందికి హ్రస్వదృష్టి వస్తే, అలాంటి తరగతి లేని బడుల్లో సుమారు 40 మందికి వచ్చింది. మన పట్టణాల్లో ఆటస్థలమే లేని భవనాలకు బడి అని పేరు పెట్టి, అందులో బిడ్డను చీకటి పడేదాకా కూర్చోబెట్టి, కళ్లజోడు వచ్చాక టీవీని నిందిస్తాం. తల్లిదండ్రులు చేజేతులా చేస్తున్న అపచారం ఇది.

మన పెద్దలు చెట్టు చేమల మధ్య తిరగడాన్ని ఉపదేశంగా చెప్పి ఊరుకోలేదు, పండుగగా విధించారు. వినాయకచవితి పత్రి కోసం పిల్లలు ఉత్తరేణి, వావిలి, మాచీపత్రి వెతుకుతూ తుప్పల వెంట తిరిగేవారు. తంగేడు, గునుగు కోసం చేల గట్లు తిరగనిదే బతుకమ్మ పేరేది కాదు. కార్తికంలో ఉసిరి నీడన అందరూ కూర్చుని తినడం పుణ్యమన్నారు. ఇప్పుడు పత్రి కట్టలుగా బజారులో అమ్ముడవుతోంది. వనభోజనాలా? కులానికొక పంక్తి, వేదిక, మైకు, నాయకుడి ప్రసంగం. ఉసిరి చెట్టు ఎక్కడుందో వచ్చినవారిలో ఎంతమంది చూసి ఉంటారు?

చరకసంహిత విమానస్థానంలో ఒక ప్రశ్న ఉంది. మనుషుల ప్రకృతులు వేరు, ఆహారాలు వేరు, బలాలు వేరు. అయినా ఊరంతా ఒకే రోగంతో ఒకేసారి ఎందుకు నశిస్తుంది? గాలి, నీరు, నేల, కాలం అందరికీ ఉమ్మడివి, అవి చెడితే అందరూ చెడతారు, అవి చెడడానికి మూలం అధర్మం అని సమాధానం. దీన్ని నీకూ అన్వయించుకో. నీవు వారాంతంలో కారెక్కి అరకు పోయి ఊపిరి పీల్చుకుని వస్తావు. నీ వీధి చివర ఇస్త్రీ బండి పెట్టుకున్నవాడికి ఉన్న వనమంతా అక్కడి కానుగ చెట్టే. నీ ప్రహరీ కోసం దాన్ని కొట్టించి, అరకు ఫొటోలు చూపించి ప్రకృతి ప్రేమికుణ్ణంటే ఎవరు నమ్మాలి?

కనుక ఉదయం వెలుగులో నడువు. ఫోను ఇంట్లో వదిలిపెట్టు. వైద్యుడిచ్చిన మందు మానకు, చెట్టు దానికి తోడే గాని బదులు కాదు. ఇంట్లో లేవలేని పెద్దలుంటే వారి మంచం కిటికీ వైపు తిప్పు. మీ అపార్టుమెంటు సమావేశంలో కార్లకు చోటు చాలదు, వేపచెట్టు తీసేద్దామని ఎవరైనా అంటే, నలుగురూ ఏమనుకుంటారోనని తల దించుకోకు, లేచి కాదని చెప్పు. కొట్టక తప్పని స్థితే వస్తే, గొడ్డలి పడకముందే ప్రత్యామ్నాయ స్థలం చూపించమని అడుగు. అక్కడ నాటిన మొక్కకు రెండు వేసవులు నీళ్లు ఎవరు పోస్తారో పేరుతో సహా మినిట్స్ పుస్తకంలో రాయించు. ఎవరూ ముందుకు రాకపోతే ఆ పేరు నీదే రాయించుకో.