ఈతకు మించిన లోతు

ఈతకు మించిన లోతు లేదని మనవాళ్ల సామెత. ఈత వచ్చినవాడికి రెండు నిలువులైనా ఇరవై నిలువులైనా ఒకటేనని దాని భావం. బరంపురంలో పుట్టి పెరిగిన నేను చిన్నప్పుడు ఆ మాటను పూర్తిగా నమ్మాను.

నలభై ఏళ్ల కిందటి సంగతి. మే నెల, కాలేజీ సెలవులు. రంభ దగ్గర చిలికా ఒడ్డున నిలబడితే ఎదురుగా బ్రేక్‌ఫాస్ట్ దీవి, చుట్టూ కొండలు, నునుపైన నీళ్లు. దీవిదాకా ఈది వస్తానని స్నేహితులతో పందెం వేసి ఒక్కణ్ణే దిగాను. చిలికా చాలాచోట్ల రెండు నిలువుల లోతైనా ఉండదు గదా అని ధీమా. నైరుతి గాలి ఒడ్డు మీదుగా లోపలికి వీస్తోందని గమనించలేదు. అలాంటి గాలికి ఒడ్డున నీరు కదలదు. లోపలికి పోయేకొద్దీ కెరటం లేస్తుంది, మనిషిని ఇంకా దూరం తోస్తుంది. వెనక్కి తిరిగాక గాని అది తెలియలేదు. ఎంత ఈదినా ఒడ్డు దగ్గర కాలేదు. కేక వేయడానికి ఊపిరి చాలలేదు.

ఒక జాలరి చూసి పడవ వేసుకొచ్చాడు. నన్ను పైకి లాగాక చూశాను: పడవలో అతని కొడుకు, ఎనిమిదేళ్లుంటాయేమో, రేకు డబ్బాతో నీళ్లు తోడిపోస్తూ వణుకుతున్నాడు. ఒడ్డు చేరాక సిగ్గు కప్పుకోవడానికి, "నా ప్రాణం నా ఇష్టం, నిన్నెవరు రమ్మన్నారు?" అన్నాను. అతను మన తెలుగులోనే నింపాదిగా అన్నాడు: "నీ పేనం నీదే బాబూ, కాదన్ను. సూసి ఊరుకోడం నా వల్ల కాదు గదా!"

తర్వాత మిల్ 1859లో రాసిన స్వేచ్ఛా గ్రంథం చదివాను. కూలబోయే వంతెన ఎక్కేవాడికి ప్రమాదం తెలియకపోతే పట్టి ఆపవచ్చు; తెలిసీ వెళ్తానంటే హెచ్చరించి వదిలేయాలంటాడు. న్యాయంగానే ఉంది. కాని వాడు నీళ్లలో పడ్డాక ఒడ్డున ఉన్నవాడు ఊరుకోగలడా? నా సాహసానికి వాడి దయను తాకట్టు పెట్టే హక్కు నాకెక్కడిది? ఆ రేకు డబ్బా పట్టుకున్న పిల్లవాడు ఏ పందెమూ వేయలేదు.

అందుకని ఈత మానాలా? మానలేదు. ఒంటరిగా దిగను. ముందు గాలి ఎటు వీస్తోందో చూస్తాను. లోపలికి పోకుండా ఒడ్డు వెంబడే ఈదుతాను. పడవలవాళ్లకు కనబడేలా తలకు రంగు టోపీ, నడుముకు తాడుతో తేలే బుంగ. అలసట రాకముందే వెనక్కి తిరుగుతాను. ఎవరైనా మునుగుతుంటే ముందు తాడో తెడ్డో ఖాళీ డబ్బానో అందించాలని, వెంటనే దూకరాదని పిల్లలకు చెబుతాను. ఇది పిరికితనమని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఎదుటివాడి మంచితనాన్ని పరీక్షకు పెట్టకపోవడమని ఇప్పుడు అనుకుంటున్నాను.

మొన్న మా మనవణ్ణి రంభకు తీసుకెళ్లాను. టోపీ పెట్టుకుని సిద్ధమయ్యాడు. ఒడ్డున జెండాగుడ్డ చిలికా వైపు ఎగురుతోంది. ఇద్దరం గట్టు మీద కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, పొడికాళ్లతోనే ఇంటికొచ్చేశాం.