పెద్దరికమునకు కొలత యేది?

1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి, చిత్తూరు జిల్లానుండి అప్పటి మద్రాసు రాష్ట్రమునకు మారినది. నేడు అది తిరువళ్లూరు జిల్లాలో చేరియున్నది. రాష్ట్రము మారినను, జిల్లా మారినను, కచేరీలలో మారక నిలిచిన మాటలు కొన్ని కలవు. సీనియరు, జూనియరు, సుపీరియరు, సబార్డినేటు అను ఆంగ్లపదము లట్టివి. కచేరీలనుండి అవి అంగళ్లలోనికిని, అంగళ్లనుండి ఇండ్లలోనికిని వచ్చినవి. వాని అర్థమును తూచి చూడక వాడుటచేత మనుష్యుల నడుమ లేని ఎత్తుపల్లము లేర్పడుచున్నవి.

ఈ పదములకు మూలము లాటిను భాష. సీనియరు అనగా వయస్సున మరింత పెద్ద. జూనియరు అనగా మరింత పిన్న. ఇవి కాలమును దెలుపును. సుపీరియరు అనగా మరింత మీద నున్నది. ఇన్ఫీరియరు అనగా మరింత క్రింద నున్నది. ఇవి చోటును దెలుపును. సబార్డినేటు అనగా క్రింది వరుసలో నిలుపబడినవాడు. ఇది ఏర్పాటును దెలుపును. ముందు పుట్టుట, మీద కూర్చుండుట, వరుసలో నిలుచుట - ఈ మూటిలో గుణము ప్రసక్తియే లేదు. తక్కెడలో పైకి లేచిన తట్ట తేలికైనదని వర్తకునకు వేరుగా చెప్పవలెనా?

మరియొక వింత గలదు. మినిస్టరు అను మాటకు మూలమైన లాటిను పదమునకు సేవకుడని అర్థము. అది 'తక్కువ' అను మాటకు చుట్టము. మాస్టరు అను మాటకు మూలమైన పదము 'ఎక్కువ' అను మాటకు చుట్టము. అది యజమానికిని, చదువు చెప్పు గురువునకును చెల్లినది. లోకము మాత్రము మినిస్టరును మీదను, బడి మాస్టరును క్రిందను కూర్చుండబెట్టినది. తిరుత్తణిలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1962లో రాష్ట్రపతి యైరి. ఆ యేటినుండి వారి జన్మదినమైన సెప్టెంబరు 5 ఉపాధ్యాయ దినముగా జరుగుచున్నది. పదవి అయిదేండ్లకు ముగిసినది. మాస్టరు అను పేరు మిగిలినది.

జైనశాస్త్రము ఎక్కువ తక్కువలు లేవనదు. అష్టకర్మలలో గోత్రకర్మ యొకటి. అందు ఉచ్చము, నీచము అని రెండు విధములు. నీచగోత్రము దేనివలన కలుగునో ఉమాస్వాతి తత్త్వార్థసూత్రము ఆరవ అధ్యాయమున తెలిపెను. పరనింద, ఆత్మస్తుతి, ఇతరుల యందున్న గుణమును కప్పుట, తనయందు లేని గుణమును చాటుట - ఇవియే కారణములు. వీనిని విడిచి వినయమున మెలగుట ఉచ్చగోత్రమునకు దారి. కావున ఎదుటివానిని నీచుడని పలుకువాడు ఆ పద్దును తన ఖాతాలోనే వ్రాసికొనుచున్నాడు.

అట్లయిన అంగడిలో పెద్ద చిన్న యుండరాదా? ఉండవలెను. వరుస లేనిదే పని సాగదు. సాధువులలోను దీక్షాకాలమునుబట్టి వరుస గలదు. ముందు దీక్షగొన్న పిన్నవానికి వెనుక దీక్షగొన్న పెద్దవాడు వందనము చేయును. శ్వేతాంబర సంప్రదాయమున బాహుబలి కథ దీనినే బోధించును. తనకంటె ముందు దీక్షగొన్న తమ్ములకు మ్రొక్కవలసివచ్చునని ఆయన వారికడకు పోక, ఒక యేడు కదలక తపస్సున నిలిచెను. లతలు దేహమును చుట్టుకొనినవి. జ్ఞానము మాత్రము రాలేదు. బ్రాహ్మి, సుందరి అను సోదరీమణులు వచ్చి ఏనుగుపైనుండి దిగుమని చెప్పగా, ఆ యేనుగు తన అభిమానమే యని గ్రహించి, తమ్ములకు మ్రొక్కుటకై అడుగెత్తెను. ఆ క్షణమే కేవలజ్ఞానము గలిగెను.

వరుస పనికొరకు, అభిమానము కొరకు కాదు. పద్దులో తప్పును జూనియరు గుమాస్తా చూపినప్పుడు సీనియరు కసరినచో, నష్టము యజమానికి కొంత, ఆ కసరినవాని ఆత్మకు మరికొంత. సంవత్సరినాడు బంధువులకు, తోటి వర్తకులకు మిచ్ఛామి దుక్కడం చెప్పుకొనుట మనయందు ఆచారము. ఏడాది పొడుగున కసురులు తినిన అంగడి కుర్రవానికి ఆ మాట చెప్పు యజమాను లెందరు? ఆ రోజున గల్లాపెట్టె దగ్గరనుండి లేచి వానికడకు నడచిన నాలుగడుగులే పెద్దరికమునకు కొలత.