సగం చెప్పిన కథ

విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే దారిలో, సముద్రానికి ఎదురుగా తొట్లకొండ ఉంది. సుమారు 2000 ఏళ్ల కిందట ఆ కొండ మీద బౌద్ధ భిక్షువులు ఉండేవారు. 1988లో పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. మహాస్తూపం అడుగుభాగం బయటపడింది. వరుసగా కట్టిన చిన్న గదుల గోడలు బయటపడ్డాయి. రాతిలో తొలిచిన నీటి తొట్లు కూడా అక్కడున్నాయి. కొండ మీద కురిసిన వాననీళ్లు వాటిలో నిలిచేవి.

శిథిలం సగం చెప్పిన కథ. అందుకే అక్కడికి స్నేహితుడితో వెళ్లడం మేలు. ఒకరి చూపు సముద్రం మీదికి పోతుంది. మరొకరి చూపు కాలి దగ్గరి ఇటుక మీద ఆగుతుంది. ఇంతమందికి నీళ్లెలా అని ఒకరు అడుగుతారు. మరొకరు తొట్టిని చూపిస్తారు. ఇద్దరి మాటల్లో కథ ఇంకాస్త ముందుకు సాగుతుంది.

శిథిలం సగం చెప్పిన కథ. మిగిలిన ఆ సగాన్నయినా కాపాడాలి. గోడలు ఎక్కకూడదు. రాళ్ల మీద పేర్లు చెక్కకూడదు. ఇటుక ముక్కయినా ఇంటికి తెచ్చుకోకూడదు. చూసి, మాట్లాడుకుని, ఉన్నది ఉన్నట్టే వదిలి రండి. తరవాత వచ్చేవారికీ ఆ కథ దక్కాలి.