యంత్రానికి నచ్చని అక్షరం

మాటను దూరం పంపాలన్న ఆరాటం మనిషికి మాట పుట్టిన నాటి నుంచీ ఉంది. రాతి మీద చెక్కాడు, తాటాకు మీద గీశాడు, కాగితం మీద రాశాడు, సీసం దిమ్మలతో అచ్చువేశాడు, తీగ మీద పంపాడు, గాలిలో వదిలాడు. పాఠ్యపుస్తకాలు ఈ కథను ఒక నిచ్చెనలాగా చెబుతాయి. ఒక్కో మెట్టు ఎక్కుతున్నకొద్దీ మనుషులంతా దగ్గరయ్యారంటాయి. ఏ మెట్టు దగ్గర ఎవరిని ఆపేశారో మాత్రం చెప్పవు.

కొత్త సాధనం వచ్చిన ప్రతిసారీ కొన్ని భాషలు నేరుగా లోపలికి నడిచిపోయాయి. మరికొన్నింటిని మాత్రం గుమ్మం దగ్గర నిలబెట్టి అడిగారు: నీ అక్షరం మార్చుకుంటావా, బయటే ఉంటావా? ఉర్దూలోనూ తెలుగులోనూ వార్తలు రాసి బతికే నాకు ఈ ప్రశ్న పాతదే. యంత్రం మనిషికి ఒదగాలా, మనిషే యంత్రానికి ఒదగాలా? ఇది ఇంజినీర్లు తేల్చే లెక్క కాదు, న్యాయాన్యాయాల ప్రశ్న.

మా మీద ఒక పాత నింద ఉంది. యూరప్‌లో 1455 నాటికే గూటెన్‌బర్గ్ బైబిల్ అచ్చయితే, ఇస్తాంబుల్‌లో ఇబ్రహీం ముతఫర్రిఖా అచ్చుకూటం నుంచి తొలి పుస్తకం 1729లో గానీ రాలేదు కదా, ఇది మతమౌఢ్యం కాక మరేమిటి అంటారు. ఉలేమాల్లో అనుమానాలు లేవని నేననను. కానీ కథ అంతటితో అయిపోదు. చైనాలో పుట్టిన కాగితాన్ని సమర్కంద్, బాగ్దాద్‌ల మీదుగా స్పెయిన్ దాకా మోసుకెళ్లి యూరప్‌కు అందించింది ముసల్మానులే. యూరప్‌లో అచ్చయిన అరబీ పుస్తకాలను తమ రాజ్యంలో అమ్ముకోవచ్చని 1588లోనే సుల్తాన్ మురాద్ ఫర్మానా ఇచ్చాడు. పుస్తకం అంటే భయపడే జాతి చేసే పనులు కావివి.

మరి అడ్డం ఎక్కడొచ్చింది? 1537-38 ప్రాంతంలో వెనిస్ నగరంలో పగనీని అనే అచ్చుదారు ఖురాన్‌ను అరబీలో అచ్చువేశాడు. తెలిసినంతలో అచ్చయిన మొదటి ఖురాన్ అదే. దాల్‌కూ జాల్‌కూ తేడా ఒక్క చుక్క. ఆ ప్రతిలో అలాంటి అక్షరాలు కలిసిపోయాయి. అల్లాహ్ కలాంలో చుక్క తప్పితే అర్థమే తప్పుతుంది. దాన్ని చూసి 'మాకొద్దు' అన్నవాడిని మూఢుడందామా, చదువరి అందామా?

అసలు చిక్కు అక్షరం తీరులోనే ఉంది. లాటిన్ అక్షరాలు దేనికది విడిగా నిలబడతాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో దిమ్మ పోతపోస్తే చాలు. అలిఫ్-బే అక్షరాలు అలా కాదు. చేతులు పట్టుకుని నడుస్తాయి. మాట మొదట్లో ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర మరో రూపం. ఉర్దూ రాసే నస్తలీఖ్ పద్ధతిలో అయితే కుడివైపు పైనుంచి ఎడమవైపు కిందికి జారుతాయి కూడా. ఆ జారుడును చదరపు సీసం దిమ్మలో పట్టడం ఎవరి తరం? ఆ దిమ్మ ఎవరి అక్షరాలను కళ్ల ముందు పెట్టుకుని పుట్టిందో గుర్తుంటే, ఎవరి అక్షరాలు అందులో ఇమడలేదో ఆశ్చర్యం కలగదు.

తెలుగువాళ్లకు ఈ బాధ పరాయిది కాదు. 1746-47లో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ తెలుగు పుస్తకాలు అచ్చువేయించిన నాటి నుంచి టైపురైటర్ కాలం దాకా, వత్తులు ఎక్కడ పెట్టాలి, గుణింతాలు ఎలా కొట్టాలి అన్న తలనొప్పి తెలుగుకు తప్పలేదు. యంత్రం కోసం లిపిని తగ్గించాలని ఎందరు చెప్పలేదు? అలిఫ్, 'అ' ఒకే గుమ్మం ముందు వరసలో నిలబడ్డాయి.

ఆ గుమ్మం మొదట తెరుచుకుంది రాయితో. 1796లో జర్మనీలో సెనెఫెల్డర్ రాతి అచ్చు కనిపెట్టాడు. కాతిబ్ జిడ్డు సిరాతో కాగితం మీద రాస్తాడు. ఆ రాతను రాయి మీదికి దించుతారు. తడిపిన రాయి మీద సిరా రాత ఉన్నచోటే అంటుకుంటుంది. రాయి అక్షరాన్ని మారమని అడగలేదు. చేయి ఎలా రాస్తే అలాగే వేల ప్రతులు చేసి పెట్టింది. లక్నోలో 1858లో అచ్చుకూటం పెట్టిన మున్షీ నవల్ కిశోర్ ఈ పద్ధతితోనే ఉర్దూ, ఫార్సీ, అరబీ పుస్తకాలతో పాటు ఖురాన్‌నూ ఇంటింటికీ చేర్చాడు. ఆయన హిందువు. ఉర్దూ ముసల్మానుల సొత్తనేవాళ్లూ, ఉర్దూను ముసల్మానులకే అంటగట్టి దులుపుకునేవాళ్లూ ఈ పేరు గుర్తుపెట్టుకుంటే మంచిది.

తర్వాత తంతి వచ్చింది. ఈ దేశంలో 1850లలో మొదలై 2013 జూలైలో ముగిసింది. తంతికి తెలిసినవి ఇంగ్లీషు అక్షరాలే. స్వాతంత్ర్యం వచ్చాక నాగరి తంతులొచ్చాయి గానీ, మన ఊళ్లకు చేరేది ఇంగ్లీషు ముక్కే. తల్లి పోయిందన్న కబురు కూడా తల్లి భాషలో రాలేదు. తంతి వచ్చిందనగానే, అందులో ఏముందో తెలియకముందే ఇల్లంతా గొల్లుమనేది. చదివి చెప్పేవాడి కోసం ఒకరు పరుగెత్తేవారు. వేగంగా వచ్చిన మాట వీధి చివర ఇంగ్లీషు వచ్చినవాడు దొరికేదాకా ఆగిపోయేది. దూరం తగ్గిందన్నారు కదా, ఎవరికి తగ్గింది?

'అయితే లిపి మార్చుకుంటే పోలేదా' అన్నవాళ్లూ ఉన్నారు. టర్కీ ఆ పని చేసింది. 1928 నవంబర్‌లో చట్టం తెచ్చి అరబీ లిపిని తీసేసి లాటిన్ అక్షరాలు పెట్టుకుంది. అక్షరాస్యత పెరిగింది, అచ్చు సులువైంది, నిజమే. కానీ తాత సమాధి మీద ఏం రాసి ఉందో మనవడు చదవలేకపోయాడు. సోవియట్ మధ్య ఆసియాలో ఇంకా ఘోరం. అరబీ నుంచి లాటిన్‌కు, లాటిన్ నుంచి రష్యన్ లిపికి, ఇరవై ఏళ్ల లోపే రెండుసార్లు మార్పించారు. చదువుకున్నవాడు మళ్లీ మళ్లీ చదువురానివాడయ్యాడు.

అంత మూల్యం తప్పనిసరా? కాదని తేల్చింది 1981. పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ కూర్చుని ఒక్కొక్క అక్షరాల గుత్తినీ చేత్తో రాశాడు. సుమారు ఇరవై వేల గుత్తులు. ఇంగ్లండ్‌లోని మోనోటైప్ కంపెనీ వాటిని కంప్యూటర్‌కెక్కించింది. తండ్రి నూర్ అహ్మద్ పేరు మీద దానికి నూరీ నస్తలీఖ్ అని పేరు పెట్టారు. ఆ ఏడాదే లాహోర్ 'జంగ్' పత్రిక ఆ అక్షరాలతో వచ్చింది. తర్వాత ఇన్‌పేజ్ సాఫ్ట్‌వేర్, ఆ తర్వాత యూనికోడ్. 2017లో ఐఫోన్‌లోకి కూడా నస్తలీఖ్ వచ్చింది. శతాబ్దాల తరబడి కుదరదన్నది కుదిరింది. అంటే కుదరదన్నది యంత్రం కాదు. యంత్రానికి నోరెక్కడిది? ఖర్చు పెట్టడానికి ఇష్టపడనివాడు, మా అక్షరం అంత శ్రమకు తగదనుకున్నవాడు యంత్రం పేరుతో 'కుదరదు' అన్నాడు.

ఇందులో పోయిందీ ఉంది. పత్రికాఫీసుల్లో వరసగా కూర్చుని రాసే కాతిబులు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. మద్రాసులో 1927లో పుట్టిన 'ది ముసల్మాన్' లాంటి ఒకటీ అరా పత్రికలు కంప్యూటర్ కాలంలోకి కూడా చేతిరాతనే మోసుకొచ్చాయి. అక్షరం లోపలికి వెళ్లింది, దాన్ని తీర్చిదిద్దిన చేయి బయటే ఉండిపోయింది.

సరే, యంత్రం ఒప్పుకుంది. మనిషి ఒప్పుకున్నాడా? మహారాష్ట్ర అకోలా జిల్లా పాతూరు పురపాలక సంఘం బోర్డు మీద మరాఠీతో పాటు ఉర్దూ కూడా ఉందని ఒక మాజీ కౌన్సిలర్ కోర్టుకెక్కారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. భాష అంటే మతం కాదనీ, ఉర్దూ ఈ నేల మీద పుట్టిన భాషేననీ చెప్పి 2025 ఏప్రిల్‌లో కోర్టు ఆ బోర్డును నిలబెట్టింది. తీర్పుకు సంతోషమే. కానీ ఆలోచించండి. కొన్ని కోట్ల ఫోన్లలో మెరిసే అక్షరం, ఒక చిన్న ఊళ్లో రేకు బోర్డు మీద ఉండటానికి ఢిల్లీ దాకా వెళ్లి అనుమతి తెచ్చుకోవాలా? తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూ రెండో అధికార భాష అయింది. చట్టంలోకి ఎక్కిన అక్షరం కళ్లలోకి కూడా ఎక్కాలి కదా!

ఈ వేలు ఒకవైపే చూపించి ఊరుకోను. మన లోపల కూడా ఒక గుమ్మం ఉంది. దూదేకులవాళ్లు తరతరాలుగా తెలుగే మాట్లాడుతున్నారు. కోస్తాలో, రాయలసీమలో, తెలంగాణ పల్లెల్లో ఇంట్లో తురకం మాట్లాడుతూ తెలుగు లిపి తప్ప మరొకటి రానివాళ్లు ఎంతమంది లేరు? 'ఉర్దూ చదవలేనివాడు ఏం ముసల్మాను' అని వాళ్లను ఎగతాళి చేసిన షరీఫులు మనలోనే ఉన్నారు. దక్కనీ మాటను నవ్వులాటకు వాడుకుని, కితాబీ ఉర్దూనే భాష అన్నవాళ్లూ ఉన్నారు. స్వాతంత్ర్యానికి ముందే చిలుకూరి నారాయణరావు గారు ఖురాన్‌ను తెలుగులోకి తెచ్చారు. తెలుగు మాత్రమే వచ్చిన ముసల్మాను తన గ్రంథాన్ని తన అక్షరాల్లో అర్థం చేసుకోవడానికి ఒక హిందూ పండితుడు దారి వేశాడు. అక్షరం అందంగా ఉందని కాపాడుకోవడం వేరు. ఆ అక్షరాన్నే తలుపు గొళ్లెం చేయడం వేరు.

గల్ఫ్ వెళ్లిన కొడుకులు ఒకప్పుడు క్యాసెట్‌లో మాట నింపి ఇంటికి పంపేవారు. అలిఫ్ రాని తల్లి, అ ఆలు రాని తల్లి చెవితో ఆ ఉత్తరం చదువుకునేది. ఇప్పుడదే పని ఫోన్‌లో క్షణాల్లో జరుగుతోంది. పిల్లలు ఉర్దూను ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతున్నారు. వాళ్లను చూసి పెద్దలు గుండెలు బాదుకుంటున్నారు. నాకూ బెంగే. కానీ ఆ తల్లి చెవిని, ఆ పిల్లల వేళ్లను గుమ్మం బయట నిలబెట్టి నేను కాపాడే ఉర్దూ ఎవరి కోసం?

కాబట్టి నా సమాధానం ఇది. యంత్రమే మనిషికి ఒదగాలి. ఒదగగలదని ఆ ఇరవై వేల గుత్తులే సాక్ష్యం. ఇప్పుడు మాట్లాడే యంత్రాలు, రాసే యంత్రాలు వచ్చాయి. వాటికి దక్కనీ రాదు, తురకం రాదు అంటే, నేర్పక్కర్లేదని ఎవరు తీర్మానించారో అడుగుదాం. ఆ ప్రశ్నే మన మదర్సాలోనూ, మన ముషాయిరాలోనూ, మన ఇంటి దస్తర్‌ఖాన్ దగ్గరా కూడా అడుగుదాం. ఇక్కడ అడగని నోటికి అక్కడ అడిగే హక్కు లేదు.