ఆరిపోయిందా? మరుగునపడిందా?



రేపల్లెలో ఓ జుమా నమాజు తర్వాత ఒక పెద్దాయన నా చేయి పట్టుకుని, "మౌలానా సాబ్! తెనాలిలో ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ మావాడు మస్జిద్ గడప తొక్కడం లేదు. వాడిలో ఈమాన్ ఆరిపోయింది" అని కంటతడి పెట్టుకున్నారు. ఆయనకు నేనొక నక్షత్రం సంగతి చెప్పాను.

ఏప్రిల్ నెలలో ఇషా నమాజు తర్వాత బాపట్ల దగ్గర సూర్యలంక తీరాన నిలబడి, మబ్బులేని చీకటిలో దక్షిణం వైపు చూస్తే, ఆకాశపు అంచుకు కాస్త పైన 'ఈటా కెరైనీ' అనే తార మసకగా కనిపిస్తుంది. ప్రకాశం హెచ్చుతగ్గులయ్యే మహా నీలితారల కోవకు చెందినది. మనకు సుమారు 7,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 1837లో అది ఉన్నట్టుండి వెలిగింది. 1843లో రాత్రి ఆకాశాన దాన్ని మించిన నక్షత్రం సిరియస్ ఒక్కటే. దివ్యఖుర్ఆన్ 'అన్ నజ్మ్' సూరాలో 'షిఅరా' అని పేర్కొని, దానికీ ప్రభువు అల్లాహ్‌యే అని తెలిపిన తార అదే! తర్వాత ఈటా కెరైనీ క్షీణించి, 1860ల తర్వాత మామూలు కంటికి కనిపించకుండా పోయింది.

మరి అది ఆరిపోయిందా? లేదు. ఆ విస్ఫోటనంలో సూర్యుని ద్రవ్యరాశికి పది రెట్లకు పైగా పదార్థాన్ని అది వెదజల్లింది. అందులో ఏర్పడిన ధూళే దానికి తెర అయింది. లోపల వెలుగు ఉండనే ఉంది. 20వ శతాబ్దం మధ్య నుంచి మళ్ళీ ప్రకాశం పెరుగుతూ వచ్చింది. ధూళి పలుచబడటం ఇందుకొక కారణమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

దాసుడు పాపం చేస్తే హృదయంపై నల్లమచ్చ పడుతుందని, తౌబా చేస్తే శుభ్రపడుతుందని, పాపాలు పెరిగితే ఆ మచ్చ హృదయాన్నే కమ్మేస్తుందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) హెచ్చరించారు. 'అల్ ముతఫ్ఫిఫీన్' సూరాలో చెప్పిన హృదయాల తుప్పు ఇదే. అది మన చేతల ఫలితమే.

అయితే ఒక తేడా ఉంది. తన ధూళిని తుడుచుకోవడం నక్షత్రం చేతిలో లేదు. మనకైతే, చివరి శ్వాస గొంతులోకి రాకముందే తౌబా చేసుకునే అవకాశాన్ని అల్లాహ్ ఇచ్చాడు.

కనుక తండ్రులారా! ఈమాన్ ఆరిపోయిందని తీర్పు చెప్పడానికి మనమెవరం? హృదయాల స్థితి ఎరిగినవాడు అల్లాహ్ ఒక్కడే. బిడ్డపై మనం కూడా దుమ్మెత్తిపోస్తే ఆ తెర మరింత మందమవుతుంది. తెనాలి వెళ్ళండి. వాడి పక్కన కూర్చోండి. ప్రేమగా ఫజర్‌కు లేపండి. అంతకుముందు మన హృదయాల మీది ధూళినీ ఒకసారి చూసుకుందాం.

అల్లాహ్ మన హృదయాలను ప్రక్షాళన చేయుగాక! ఆమీన్.